పదును పిచ్చి

అద్దాల బీరువాలో కత్తులు దాచుకునే రోజులు పోతున్నాయి. సేకర్తలు ఇప్పుడు మోజుపడి కొంటున్నవి జేబులోకీ, వంటగట్టు మీదికీ వస్తున్నాయి.

2019 అక్టోబరులో అమెరికాలో ఒక వేలం జరిగింది. వంటవాడిగా మొదలై, రచయితగా, దేశదేశాల తిండిని టీవీలో చూపించిన మనిషిగా పేరు తెచ్చుకున్న ఆంథొనీ బోర్డెయిన్ అంతకుముందు ఏడాదే చనిపోయారు. ఆయన వస్తువులు అమ్మకానికి పెట్టారు. వాటిలో ఒక వంటకత్తి ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కొలిమి నడిపే బాబ్ క్రేమర్ చేసిన కత్తి. ఉక్కుతో పాటు ఉల్క లోహాన్ని కూడా కలిపి సాగగొట్టారు. అది 2,31,250 డాలర్లు పలికింది. అప్పటి మారకంలో కోటీ అరవై లక్షల రూపాయల పైమాటే. ఉల్లిపాయలు తరిగే కత్తికి!

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఇలాంటి వార్త చదివితే ఆ సామెతే గుర్తొస్తుంది. కానీ కత్తుల మీద మోజున్నవాళ్లని పట్టుకుని, ‘ఈమధ్య కొన్నవాటిలో నీకు బాగా నచ్చిందేది?’ అని అడిగి చూడండి. ఉల్కలూ దంతపు పిడులూ బయటికి రావు. చాలామంది చెయ్యి జేబులోకి పోతుంది. తీసి చూపించేది పిడి మాసిపోయిన ఒక మడత చాకు. దాంతో పొద్దున్నే పార్శిల్ అట్టపెట్టె కోసి ఉంటారు, మధ్యాహ్నం యాపిల్ కోసుకుని ఉంటారు. ధర అడిగితే ఇంటిల్లిపాదీ ఒకపూట హోటల్లో తిన్న బిల్లుకు అటూ ఇటూ.

కత్తుల సేకరణలో ఇప్పుడు వచ్చిన మార్పంతా ఇక్కడే ఉంది. వెనక తరం కొన్నది చూసుకోవడానికి. ఇప్పటివాళ్లు కోసి చూడటానికి కొంటున్నారు. పిడి మీద చెక్కడాలు చూసి మురిసిపోయేవాళ్లు కాస్తా, బ్లేడు లోపల ఉక్కు ఏమిటి, దాన్ని ఎంత వేడికి కాల్చారు, వాదర ఎన్ని డిగ్రీల కోణంలో తీశారు అని ఆరా తీసేవాళ్లయ్యారు.

అయిదు ముక్కల చాకు

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల పక్కన సవోయ్ ప్రాంతం ఉంది. గొడ్డళ్లూ కొడవళ్లూ చేసే ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890లో రైతుల కోసం ఒక మడత చాకు తయారుచేశాడు. 1897 నాటికి దాన్ని 1 నుంచి 12 వరకు నంబర్లిచ్చి పన్నెండు సైజుల్లో అమ్మాడు. 1935లో ఒకటో నంబరునూ పదకొండో నంబరునూ తీసేశారు. 1955లో తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మూసుకుపోకుండా పిడి మూతి దగ్గర తిరిగే ఉక్కు కట్టు ఒకటి చేర్చారు. ఆ తర్వాత దీని రూపంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. బ్లేడు, చెక్క పిడి, ఇరుసు, కదలని కట్టు, తిరిగే కట్టు. మొత్తం అయిదు ముక్కలు.

వేలకు వేలు పోసి టైటానియం కత్తులు కొన్నవాళ్లు కూడా చివరికి ఈ ఒపినెల్ ఎనిమిదో నంబరు దగ్గరికి వస్తుంటారు. కారణం చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, కాగితంలా పల్చగా దిగిపోయే వాదర. టమాటాను నొక్కకుండానే కోస్తుంది. మందపాటి బ్లేడున్న ఖరీదైన కత్తి యాపిల్‌ను కోయదు, చీలుస్తుంది. కార్బన్ ఉక్కుతో చేసిన రకం కొంటే మొదటి నిమ్మకాయకే బ్లేడు మీద బూడిదరంగు మచ్చలు పడతాయి. నెల తిరిగేసరికి నీలం, ఊదా కలిసిన ఒక రంగు తేలుతుంది. తుప్పు వేరు, ఇది వేరు. ఈ రంగు బ్లేడుకు కాస్త కాపు కూడా కాస్తుంది. దాన్ని తోమి తెల్లగా చెయ్యబోయే ఇంట్లోవాళ్లతో సేకర్తలకు నిత్యం యుద్ధమే.

దీనికో జబ్బుంది. పిడి బీచ్ చెక్క. వానకి తడిసినా, సింకులో పడేసినా ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. గోరు విరిగినా తెరుచుకోదు. అప్పుడు కట్టును తెరిచిన వైపు తిప్పి, పిడి వెనక కొనను బల్ల అంచు మీద టక్కున కొడితే బ్లేడు మొన కాస్త పైకి లేస్తుంది. సవోయ్ రైతుల చిట్కా అది. కొన్నవాడికి ఎవరో ఒకరు నేర్పుతారు.

జపాన్‌లోనూ దీనికి సాటిదొకటుంది, హిగొనొకామి. మడిచిన ఇత్తడి రేకు పిడి, బ్లేడు వెనక బొటనవేలితో నొక్కే చిన్న తోక, అంతే. స్ప్రింగు లేదు, తాళం లేదు. మీ బొటనవేలే తాళం. హ్యోగో రాష్ట్రంలోని మికి పట్టణంలో పుట్టిన ఈ చాకు ఒకప్పుడు జపాన్ బడిపిల్లల పెన్సిళ్లు చెక్కింది. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమాను పదిహేడేళ్ల కుర్రాడు సభావేదిక మీదే పొడిచి చంపాడు. వాడిన ఆయుధం పొట్టి ఖడ్గం. అయినా ఆ తర్వాత పిల్లల చేతుల్లో కత్తులే ఉండొద్దన్న ఉద్యమం లేచి, దెబ్బ ఈ పెన్సిల్ చాకు మీద పడింది. ఊరినిండా ఉన్న తయారీదారులు తగ్గి తగ్గి ఒక్క కుటుంబమే మిగిలింది. ఇప్పుడు దీనికి బతుకుతెరువు చూపిస్తున్నది ఎక్కువగా విదేశీ సేకర్తలే.

చప్పుడు కోసం కొనేవాళ్లు

తాతల కాలపు జేబు చాకులకు మళ్లీ గిరాకీ వచ్చింది. తాళం ఉండదు. వెన్ను స్ప్రింగు బిగుతుతో బ్లేడు తెరుచుకుని నిలబడుతుంది. వీటిని ఇష్టపడేవాళ్లు మొదట చూసేది చెవితో. తెరిచినప్పుడు సగంలో ఒకసారి ఆగి, పూర్తిగా తెరిచాక ‘టక్’మని పలకాలి. మూసేటప్పుడూ అంతే. ఆ చప్పుడు మెత్తగా వస్తే పెదవి విరుస్తారు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం వీటికి పుట్టిల్లులాంటిది. బ్రాడ్‌ఫర్డ్ పట్టణపు కేస్ కంపెనీ 1970లో ఒక పద్ధతి పెట్టింది. బ్లేడు మొదట్లో కొట్టే ముద్ర కింద ఆ ఏడాది పది చుక్కలు, తర్వాతి ఏడాది తొమ్మిది, అలా ఏటా ఒకటి తగ్గిస్తూ పోయింది. పాత చాకు చేతికొస్తే భూతద్దం పెట్టి చుక్కలు లెక్కపెట్టి పుట్టిన ఏడు చెప్పేస్తారు. అదే రాష్ట్రంలోని టైటస్‌విల్‌లో 2006లో గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ అనే చిన్న కార్ఖానా మొదలైంది. పాతకాలపు నమూనాలను ఒక్కొక్కటి కొద్ది సంఖ్యలో చేసి వదులుతుంది. దుకాణానికి వచ్చిందో లేదో అయిపోతుంది. మర్నాటికి అదే చాకు రెట్టింపు ధరకు మారుబేరానికి వస్తుంది. కోయడానికి కొనే ధోరణి గురించి ఇంత చెప్పుకున్నాం కానీ, ఈ ఒక్కచోట మాత్రం పెట్టె తెరవని బేరగాళ్లదే రాజ్యం. నాకు నచ్చని వ్యవహారం ఇది.

తాళం లేని చాకు మళ్లీ రావడం వెనక చట్టం చెయ్యి కూడా ఉంది. బ్రిటన్‌లో కారణం చెప్పనక్కర్లేకుండా జేబులో పెట్టుకోదగ్గది మూడంగుళాలకు మించని, తాళం పడని మడత చాకు ఒక్కటే. కొలరాడోలోని స్పైడర్కో లాంటి కంపెనీలు ఆ కొలతకు సరిపడా ప్రత్యేకంగా నమూనాలు గీశాయి. మన దేశంలో ఆయుధాల నిబంధనలు తొమ్మిది అంగుళాల కన్నా పొడవైన, లేదా రెండంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో పెట్టాయి. ఇంటిపనికీ, సేద్యానికీ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకీ చేసినవాటికి మినహాయింపు. నేపాలీ కుక్రీని ఆ జాబితాలో పేరుపెట్టి మరీ చేర్చారు. మీట నొక్కితే లేచే స్ప్రింగు కత్తుల జోలికి మాత్రం పోకపోవడమే మంచిది. రాంపురి చాకు సినిమాల్లో చూసి సంబరపడ్డాం కానీ, దాని తయారీదారులు ఆంక్షలతో చితికిపోయారు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పట్టణం 2023లో ఒక కూడలిలో ఆరు మీటర్ల పైచిలుకు చాకును విగ్రహంలా నిలబెట్టుకుంది.

కుక్రీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క ముచ్చట. నేపాల్ కమ్మరులు చాలామంది లారీ స్ప్రింగు పట్టీల నుంచే కుక్రీలు చేస్తారు. ఎర్రగా కాలిన బ్లేడును నీళ్ల తొట్టిలో ముంచరు. టీ కెటిల్ లాంటి పాత్రతో నీళ్లను వాదర వెంట మాత్రమే సన్నటి ధారగా పోస్తారు. నీళ్లు తగిలిన అంచు గట్టిపడుతుంది, తగలని వెన్ను మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకుంటుంది. కొలిమి దగ్గర థర్మామీటరు ఉండదు. రంగు చూసి వేడి చెబుతారు.

పొడి చేసిన ఉక్కు

ఈ అయిదారేళ్లలో సేకర్తల నోట ఎక్కువగా నానిన పేరు ఏ కత్తిదీ కాదు, ఒక ఉక్కుది. మాగ్నాకట్. 2021లో బజారుకొచ్చింది. తయారుచేసినాయన లారిన్ థామస్, లోహశాస్త్రవేత్త. తండ్రి డెవిన్ థామస్ చారల ఉక్కు చేయడంలో పేరున్న కమ్మరి. కొడుకు కార్లకు వాడే ఉక్కు రంగంలో ఉద్యోగం చేస్తూ, కత్తుల ఉక్కును పట్టుకుని కూర్చున్నారు.

చిక్కు ఏమిటంటే, తుప్పు పట్టకుండా ఉండాలంటే ఉక్కులో క్రోమియం దండిగా ఉండాలి. కానీ క్రోమియం వెళ్లి కార్బన్‌తో జతకట్టి గట్టి రేణువులుగా తేలుతుంది. సరిగ్గా నలగని పిండిలో పప్పు పలుకుల్లా అవి అక్కడక్కడా లావుగా మిగిలిపోతాయి. వాదర సన్నగా తీస్తే అంచు ఆ పలుకు దగ్గర పెళుక్కున ఊడుతుంది. అందుకే తుప్పు పట్టని కత్తులంటే పాతకాలపు వాళ్లకు చిన్నచూపు. థామస్ క్రోమియాన్ని పదకొండు శాతం లోపుకు తగ్గించి, వెనేడియం, నియోబియంలతో సన్నటి రేణువులు మాత్రమే ఏర్పడేలా పాళ్లు కుదిర్చారు. క్రోమియం రేణువుల్లో చిక్కుకోకుండా ఉక్కులోనే కరిగి ఉండటంతో, తక్కువ మోతాదే తుప్పును ఆపుతోంది.

ఇలాంటి ఉక్కును మామూలుగా అచ్చుపోస్తే పని జరగదు. కరిగిన లోహాన్ని పీడనంతో వచ్చే వాయువుతో చిమ్మి, గాల్లోనే పొడిగా గడ్డకట్టించి, ఆ పొడిని వేడీ ఒత్తిడీ కలిపి దిమ్మగా అదుముతారు. ఒక్కో రేణువూ అంత చిన్నది కాబట్టి లోపల పలుకులు పెరగడానికి చోటు ఉండదు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్రూసిబుల్ కంపెనీ ఈ పద్ధతిలో దిట్ట. మాగ్నాకట్ బయటికొచ్చింది కూడా దాని నుంచే. ఆ కంపెనీ 2024 డిసెంబరులో దివాలా దరఖాస్తు పెట్టినప్పుడు కత్తుల లోకంలో జరిగిన కలవరం అంతా ఇంతా కాదు. తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన ఎరాస్టీల్ ముందుకొచ్చి దాని పొడి ఉక్కుల వ్యాపారం తీసుకుంది.

నా మటుకు నాకు ఈ ఉక్కు జపం కొంత అతిగానే తోస్తుంది. ఎంత గొప్ప ఉక్కయినా వేడి పెట్టడం సరిగ్గా కుదరకపోతే నాసిరకం కన్నా హీనం. కానీ ఒక మేలు జరిగింది. బ్లేడు లోపల ఏముందని అడిగే అలవాటు వచ్చింది. ఆ అలవాటే సేకర్తలను తెలంగాణ దాకా తీసుకొచ్చింది.

కోనసముద్రం ముద్ద

కొలిమి దగ్గర కూర్చునే ఏ విదేశీ సేకర్తతోనైనా మాట్లాడితే ‘వూట్జ్’ అనే పేరు వస్తుంది. మూతపెట్టిన మట్టి మూసల్లో ఇనుప ముక్కలనూ కట్టెపేళ్లనూ ఆకులనూ పెట్టి, గంటల తరబడి తిత్తులూది కరిగించి, మెల్లగా చల్లార్చిన ఉక్కు ముద్ద అది. కార్బన్ ఒకటిన్నర శాతం అటూ ఇటూ. ఆ ముద్దలు దక్షిణాది నుంచి పర్షియా వెళ్లి, నీటి అలల్లాంటి చారలున్న ఖడ్గాలయ్యాయి. లోకం వాటిని డమాస్కస్ కత్తులంది. ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వెళ్లేదని 17వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె రాశాడు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఈ పని జరుగుతుండగా చూసినవాడు హెన్రీ వోయ్‌సీ. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో భూగర్భ పరిశోధకుడు. 1824లో చనిపోయాడు, ఆయన రాసుకున్నది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్లోనే మకాం వేసి ఉండటం గురించి అందులో ఉంది. తమిళనాట పోర్టోనోవోలో ఇనుప కర్మాగారం పెట్టిన హీత్ అనే ఆంగ్లేయుడు 1839లో మూసలో వేసే వస్తువులేమిటో కూడా చెప్పాడు. తంగేడు కట్టె, పైన జిల్లేడు ఆకు. మన పొలం గట్ల మీది మొక్కలు ఉక్కుకు కార్బన్ అందించాయి.

చారలు ఎలా వస్తాయన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. మైకేల్ ఫారడే విద్యుత్తు జోలికి పోకముందు ఈ ఉక్కునే పరీక్షించాడు. 20వ శతాబ్దం చివర్లో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్, ఫ్లోరిడాలో కత్తులు చేసే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే జతకట్టి ఆ చారలను మళ్లీ రప్పించారు. 1998లో వాళ్లు అచ్చువేసిన వివరణ ఇదీ: ఖనిజంలో మలినంగా ఉన్న వెనేడియం లాంటి మూలకాలు, శాతంలో వందో వంతు కూడా అక్కర్లేదు, గట్టి రేణువులను వరసలుగా పేరుస్తాయి. కమ్మరి మళ్లీ మళ్లీ కాల్చి కొట్టినకొద్దీ ఆ వరసలు తేలతాయి. అంటే మాగ్నాకట్‌లో థామస్ లెక్కగట్టి వేసిన వెనేడియమే, వూట్జ్‌లో ఎవరూ వేయకుండా మట్టిలోంచి వచ్చింది. అలాంటి ఖనిజం దొరకడం ఆగిపోతే చారలూ ఆగిపోతాయన్నది వాళ్ల అభిప్రాయం. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఒక పాత ఖడ్గంలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని ‘నేచర్’లో ప్రకటించారు. వార్తాపత్రికలకు అది పండగ. లోహశాస్త్రవేత్తలందరూ మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు కొలిమిలో మూసలు పెట్టి వూట్జ్ పోసే చేతిపనివాళ్లు కొద్దిమందే. వాళ్ల దగ్గర చిన్న చాకు ఒకటి సంపాదించినా అదే ఆ ఏటి మేటి కొనుగోలు. బజారులో ‘డమాస్కస్’ పేరుతో అమ్మేది ఇది కాదు. అది రెండు మూడు రకాల ఉక్కు పట్టీలను అతికించి, మడిచి సాగగొట్టిన పొరల ఉక్కు. 1973లో బిల్ మొరాన్ అనే అమెరికన్ కమ్మరి ఒక ప్రదర్శనలో పెట్టాక మళ్లీ ఊపందుకుంది. అదీ మంచిదే, నిజంగా పొరలుంటే. చవక కత్తుల మీద లేజరుతో గీసిన చారలూ తిరుగుతున్నాయి. గరుకు కాగితంతో ఒకమూల రుద్ది, ఫెర్రిక్ క్లోరైడు చుక్క వేస్తే నిజమైన పొర మళ్లీ తేలుతుంది. గీసిన చార తేలదు.

మొరాన్ స్థాపించిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ కమ్మరులకు పెట్టే పరీక్ష వింటే, ఈ సేకర్తలు ఎందుకు మోజుపడతారో అర్థమవుతుంది. వేలాడే అంగుళం తాడును ఒక్క వేటుతో తెంచాలి. కొయ్య దూలాన్ని రెండుసార్లు తెగనరకాలి. నరికాక అదే కత్తితో చేతి మీది వెంట్రుకలు గీయాలి. చివర్లో దాన్ని పట్టుకొయ్యలో బిగించి తొంభై డిగ్రీలు వంచితే విరగకూడదు. పరీక్ష నెగ్గిన కత్తి అక్కడితో పనికిరాకుండా పోతుంది.

హైదరాబాద్ వాళ్లకు పాతకాలపు మోజు చూడాలనుంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగేసినవాటిలో జహంగీర్ వేటకత్తి అనీ, నూర్జహాన్ పండ్ల కత్తి అనీ పేరున్న రత్నాల పిడులు పచ్చరాతి వస్తువుల మధ్య కనిపిస్తాయి. అందమే అందం. కానీ ఆ పండ్ల కత్తితో జామకాయ కోయమంటే ఒపినెల్ ముందు దిగదుడుపేనని నా అనుమానం.

వంటింట్లోకి

కొత్త మోజు ఎక్కువ దూరం వెళ్లింది వంటింట్లోకే. జపాన్‌లోని సకాయ్, సెకి, ఎచిజెన్ పట్టణాల కత్తులు ప్రపంచమంతా పాకాయి. కూరలు తప్ప మరొకటి ముట్టని ఇళ్లకు నకిరి అనే రకం బాగా సరిపోతుంది. చదునైన అంచు, మొన ఉండదు, క్యాబేజీని సన్నగా దారాల్లా తీస్తుంది. కానీ ఈ కత్తులు గట్టివి, పెళుసువి. ములక్కాడ వరకు సరే. కొబ్బరికాయ, మాంసం ఎముక, ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డకట్టిన చికెన్ మీద వేస్తే అంచు పళ్లుపళ్లుగా ఊడిపోతుంది. వాటికి మన లావుపాటి కత్తే దిక్కు. గాజు పలక మీదా, గ్రానైటు గట్టు మీదా కోయడమూ అంతే ప్రమాదం. చెక్క పలక కొనండి.

ఇన్ని దేశాల కత్తులు చూశాక కూడా కత్తిపీటకు ఏదీ సాటి రాదు కొన్ని పనులకు. కత్తి కదలదు, చేతులు రెండూ కూరగాయ మీదే ఉంటాయి. గోంగూర కాడలూ, చేప పొలుసులూ దాని ముందు లెక్కలోకి రావు. పుణేలోని రాజా కేల్కర్ మ్యూజియంలో అడకత్తెరలు బారులు తీరి ఉన్నాయి. మన అటకల మీది పాత కత్తిపీటలకు అలాంటి చోటు దొరికితే బాగుండు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకటే, డబ్బంతా కత్తి మీద పెట్టి రాయి మరిచిపోవడం. మొద్దుబారిన మాగ్నాకట్ కన్నా నూరిన ఒపినెల్ నయం. వెయ్యో నంబరు నీటిరాయి ఒకటి చాలు మొదటికి. నానబెట్టి, బ్లేడును పదిహేను డిగ్రీల వాలులో ఆనించి, ఒకే కోణం తప్పకుండా వెనక్కీ ముందుకీ లాగాలి. కాసేపటికి రాయి మీద నల్లటి బురద తేలుతుంది. వాదర అవతలి వైపు బొటనవేలిని బయటికి మెల్లగా జరిపితే గరుకుగా ఒక సన్నటి అంచు తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా తగిలితేనే రెండో వైపు తిప్పాలి. చివర్లో పాత తోలు బెల్టు మీద రెండుసార్లు లాగితే ఆ గరుకు పోతుంది. పదును చూసుకోవడానికి చేతి వెంట్రుకలు గీసుకోనక్కర్లేదు. న్యూస్‌పేపరు పైఅంచు పట్టుకుని కత్తిని కిందికి దింపండి. చప్పుడు లేకుండా దిగితే కుదిరినట్టు, చిరిగితే మళ్లీ రాయి దగ్గరికి. అందుకు ఈ అనుబంధమే పనికొస్తుంది, ఇంట్లో అందరూ చదివేశాక.